కొరికిన ఆకు

జనవరి 18

వదినా,

ఫోన్లో నేను అరవడం, నీ కుడిచెవికి వినపడక నువ్వు అన్నయ్యకి ఇవ్వడం, అన్నయ్య "ఆఁ ఆఁ, అంతా బావుంది" అని పెట్టేయడం. దీనికన్నా ఉత్తరాలే నయమని నువ్వన్నది నిజమే. కాబట్టి రాస్తున్నాను.

అమ్మ మొక్క ఇక్కడ ఎంత ఎత్తు పెరిగిందని అడిగావు. ఎత్తు లేదు వదినా. ఐదువేల లీటర్లు ఉంది.

నవ్వకు. ఈ ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మన పెరట్లో కుండీ నుంచి ఒక ఆకు కోసుకొచ్చాను, గుర్తుందా? చివర ఎవరో కొరికినట్టు నొక్కు ఉండే ఆకు, అమ్మ కొరుకుడాకు అనేది. దాన్ని మందునీళ్లలో కడిగి, గోరంత ముక్క కోసి, సీసాలో జిగురులాంటి తిండి మీద పెట్టారు. ముక్క చుట్టూ లేతపసుపు ముద్ద ఒకటి ఊరింది. ఆ ముద్దని చక్కెరనీళ్లలో వేసి ఊపుతూ ఉంటే కణాలు విడివిడిగా పెరగడం మొదలుపెట్టాయి. చిన్న సీసా నుంచి పెద్ద సీసాకి, అక్కడి నుంచి స్టీలు ట్యాంకుకి. ఇప్పుడు మా హాల్లో రెండంతస్తుల ఎత్తు ట్యాంకులో తిరుగుతున్నది మన మొక్కే. ఆకు లేదు, వేరు లేదు, మట్టి లేదు, ఎండ లేదు. చూడ్డానికి నానబెట్టిన రంపపు పొట్టులా ఉంటుంది. మనకి చెయ్యి కాలితే అమ్మ ఆకు నూరి రాసేది కదా, ఆ రసంలో ఉండే సరుకునే ఈ కణాలు తయారుచేస్తాయి. అది వడకట్టి ఆయింట్‌మెంట్ చేసేవాళ్లకి పంపుతారు.

నా పనల్లా అద్దం ఇవతల కూర్చుని తెర చూడటం. చక్కెర ఎప్పుడు పోయాలో, గాలి ఎంత ఊదాలో, ఎంత మెల్లగా కలపాలో అన్నీ మిషనే చూసుకుంటుంది. పచ్చలైటు వెలిగితే నేను రాసుకోవాలి. నేను రైతునో, పంపు ఆపరేటర్నో నాకే తెలియడం లేదు.

నీకు నమ్మకం కుదరాలని, ఇక్కడికి వచ్చిన అన్నయ్యతో ఒక చిన్న సీసా పంపుతున్నాను. ట్యాంకులో వేయకముందు తీసిన మొదటి ముద్దల్లో ఒకటి. ఇక అక్కర్లేదని పారేస్తుంటే అడిగి తెచ్చుకుని, కొత్త తిండి మీదికి మార్పించాను. మూత తీయకు. చీకట్లో, బీరువాలో పెట్టు. అది ఎప్పుడూ ఇలాగే లేతపసుపుగా ఉండాలి. రంగు మారినా, లోపల ఏదైనా మొలిచినట్టు కనిపించినా పాడైపోయినట్టే లెక్క, బూజు పట్టిందన్నమాట. అప్పుడు మూత తీయకుండా సీసా మీద మరిగే నీళ్లు పోసి పారేయి.

కుండీ జాగ్రత్త. అది విత్తనం కట్టదు, కొమ్మ నాటితే పట్టదు. అమ్మ చేత్తో నాటినవాటిలో మిగిలింది అదొక్కటే. అది నీ దగ్గర ఉందనే నా ధైర్యం.

అధికారం లేని నీ ఆడపడుచు


ఫిబ్రవరి 9

అమ్మాయీ,

సీసా చేరింది. మీ అన్నయ్య సంచిలోంచి తీసి, "ఇదిగో మా అమ్మ మొక్క" అని నా చేతిలో పెట్టారు. చూస్తే చెవిలోంచి తీసిన గుబిలి ఉండలా ఉంది. మొక్క అనడానికి నాకు నోరు రాలేదు, కాదనడానికి ధైర్యమూ రాలేదు. మీ అమ్మగారి వస్తువు కదా.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అన్నయ్య చేత చదివించుకుని విన్నాను. మూడుసార్లూ మూడు రకాలుగా అర్థమైంది. ఆకు లేకపోతే ఊపిరి ఎలా తీసుకుంటుంది? వేరు లేకపోతే తిన్నది ఎటు పోతుంది? అంతమందిలో తల ఎటు, తోక ఎటు? కోప్పడకు, తెలియకే అడుగుతున్నాను. నాకు తెలిసిందల్లా బట్ట కొలవడం, కోయడం, కుట్టడం.

వంటింటి గోడ పెచ్చులూడుతోందని మేస్త్రీని పెట్టాం. ఇల్లంతా దుమ్ము. అన్నట్టు, బీరువా తలుపు గడియ ఊడిపోయింది, లోపలంతా కలరా ఉండల కంపు. అందులో పెడితే ఆ ముద్దకి ఊపిరాడదేమోనని కుట్టుమిషను మీద, కిటికీ పక్కన పెట్టాను. కుడుతూ ఒక కన్ను వేసి ఉంచొచ్చని. ఏమనుకోకు.

నువ్వు తింటున్నావా, తెర చూస్తూనే కాలం గడుపుతున్నావా? మొన్న వచ్చినప్పుడు మెడ ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నావు. నీకు కుట్టిన బట్టలన్నీ వదులు చేయడం నేర్చుకున్నాను గానీ, బిగించడం నా వల్ల కాదు.

దుమ్ములో కూర్చుని,
మీ వదిన


మార్చి 2

వదినా,

నీ ప్రశ్నలు మా ల్యాబ్ మేడంకి చదివి వినిపించాను. నవ్వుతుందనుకున్నాను. పెన్ను కింద పెట్టి ఆలోచనలో పడింది.

ఊపిరి తీసుకుంటుంది. అడుగునుంచి గాలి బుడగలు పంపుతాం, వాటిలోంచి పీల్చుకుంటుంది. ఎంత పీల్చిందో తెరమీద గీత గీస్తుంది. ఇక తల ఎటు, తోక ఎటు అంటావా, ఏ కణానికి ఆ కణమే మొక్కంతానట. ప్రతిదాని లోపలా ఆకు ఎలా వేయాలో, పువ్వు ఎలా పూయాలో అంతా ఉంటుందట. వేయడం లేదంతే. ఆ మాట విన్నప్పటినుంచి నాకు బుర్ర తిరుగుతోంది. అలాగైతే ట్యాంకులో ఉన్నది కోట్ల మొక్కలా, ఒక్కటా, లేక ఒక్కటీ లేదా? మేడంని అడిగితే, "అది మన డిపార్ట్‌మెంటు కాదమ్మా" అంది.

మొన్న ట్యాంకులోంచి కొంత తీసేటప్పుడు గొట్టం ఊడి నాలుగు బక్కెట్లంత నేలమీద పోయింది. అందరూ జారి పడతామని చూసుకుంటూ నడుస్తున్నారు. నేను మాత్రం తొక్కలేక గోడవారగా నిలబడిపోయాను. తరువాత గొట్టంతో నీళ్లు కొట్టి కాలువలోకి నెట్టారు. నాకు ఏడుపొచ్చింది. దేనికి ఏడ్చానో నాకు తెలియదు, ఎవరికీ చెప్పలేదు కూడా. నీకు చెబుతున్నాను.

నువ్వు రోజూ పొద్దున కుండీ ముందు నిలబడతావు కదా. అది మొక్క, నువ్వు మనిషివి, అంతే. నా సంగతి అలా లేదు.

గోడవారగా నిలబడ్డ
నీ మరదలు


ఏప్రిల్ 14

అమ్మాయీ,

జవాబు ఆలస్యమైంది. గోడ పని అయింది. కొత్త సున్నం తెల్లగా మెరిసిపోతోంది. మేస్త్రీ మంచివాడే గానీ, ఎక్కడి బక్కెట్లు అక్కడే వదిలేసే మనిషి. పెరట్లో సామాన్లన్నీ అటూ ఇటూ జరిపాం. పోయినవి పోయాయి, ఉన్నవి ఉన్నాయి.

నీ కణాల కథ రోజూ తలుచుకుంటున్నాను. ఒక్కో దానిలో మొక్కంతా ఉందన్నావు కదా. నాకో ఆలోచన వచ్చింది, నవ్వితే నవ్వు. అంత ఉంది కదా మీ దగ్గర, అందులోంచి ఒక చిన్న కొమ్మ పంపించడానికి వీలవుతుందేమో మీ మేడంని అడుగుతావా? నా వేలంత చాలు. ఇక్కడ కుండీ ఒకటి ఊరికే ఉంది. మట్టి కూడా మార్చి పెట్టాను.

ఊరికే అడుగుతున్నాను. అవసరం ఉండి కాదు. మీ అన్నయ్యకి ఈ సంగతి రాయకు, ఆయనకి చెప్పలేదు.

మీ వదిన


మే 1

వదినా,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను, తరువాత మనసు చివుక్కుమంది. అసలు మొక్కని ఇంట్లో పెట్టుకుని నకలుని కొమ్మ అడుగుతావేం? ఐదువేల లీటర్లు పెట్టుకుని వేలంత కొమ్మ ఇవ్వలేరా అని దెప్పడానికి కాకపోతే.

దెప్పినా నిజమే. ఇవ్వలేం. నేను అడిగాను. కొత్తగా ఊరిన ముద్దని ఓపికగా చూసుకుంటే ఎప్పుడైనా ఆకు వేయొచ్చట. చక్కెరనీళ్లలో ఏడాదిగా తిరుగుతున్నవి మాత్రం ఆకు వేయడం మరిచిపోయాయట. పెరగమంటే పెరుగుతాయి, రెట్టింపు కమ్మంటే అవుతాయి, మొక్కవి కమ్మంటే దిక్కులు చూస్తాయి. అమ్మ మొక్కని నేను ఎక్కడికో తీసుకొచ్చి దారి తప్పించానేమోనని బాధగా ఉంది. అందుకే కుండీ సంగతి ఎత్తితే ఉలిక్కిపడుతున్నాను.

అన్నయ్యకి చెప్పొద్దన్నావు, ఎందుకో చెప్పలేదు. మీ ఇద్దరికీ మాటలున్నాయా?

మరదలు


జూన్ 10

వదినా,

నెల దాటిపోయింది, ఉలుకూ పలుకూ లేదు. కిందటి ఉత్తరంలో ఎక్కువ మాట్లాడి ఉంటే మరిచిపో. నాకు నోటి దురుసని నీకు తెలియనిది కాదు.

ఒక్క సాయం చెయ్యి. కుండీలోంచి ఒక ఆకు కోసి పంపు. లేతది. తడిగుడ్డలో చుట్టి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, త్వరగా చేరే పోస్టులో వెయ్యి. ప్రత్యేకించి ఏమీ లేదు, చూడాలనిపించింది. ఇక్కడ అంతా బాగానే ఉంది, పచ్చలైట్లు వెలుగుతున్నాయి.

మరిచిపోవద్దు. ఈ వారంలోనే.

మరదలు


జూన్ 19

అమ్మాయీ,

కోపం ఏమీ లేదు. కంటికి అద్దాలు మార్చారు, అక్షరాలు ఎగిరిపడుతున్నాయి, అందుకని రాయలేదు.

చూడాలనిపించిందన్నావు కదా, ఇదిగో ఆకు. చూసుకో. చూసి పుస్తకంలో పెట్టుకో. నీళ్లలోనూ మందులోనూ వేయకు, వాసన చూడకు, ఎవరికీ చూపించకు. కొంచెం వాడింది, ఎండలు అలా ఉన్నాయి.

మొక్క ఎలా ఉందని అడగలేదు నువ్వు. నేనూ చెప్పడం లేదు. నువ్వు బాగుంటే అంతే చాలు నాకు.

మీ వదిన


జూలై 1

వదినా,

ఆకు వచ్చింది. నువ్వు వద్దన్న పనే చేశాను. ల్యాబ్ మేడంకి ఇచ్చాను.

ఆమె దాన్ని భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూసింది. తల ఎత్తి, "మీ ఇంట్లో మేకలకి కత్తెర ఇస్తారా?" అంది. నేను కూడా చూశాను. ఆకు చివర నొక్కు ఉంది, కానీ అంచు నున్నగా ఉంది, ఈనెలు మధ్యలో తెగిపోయాయి. అసలు కొరుకుడాకులో ఈనెలు నొక్కు చుట్టూ తిరిగి వెళతాయి. ఆ కోత నాకు తెలుసు వదినా. నా బట్టల మెడలకి నువ్వు కోసే గుండ్రం అది.

నేను ఏడవలేదు, నవ్వలేదు. నాకేమీ అర్థం కాక మెట్ల మీద కూర్చున్నాను. నన్ను మోసం చేయాల్సినంత పని నీకేముంది? ఆకు ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదని రాసేదానివి కదా. అమ్మ మొక్కని ఎవరికైనా ఇచ్చేశావా?

ఇప్పుడు నా సంగతీ చెబుతాను. చూడాలనిపించి అడగలేదు నేను. ట్యాంకు పోయింది. మే నెల చివర్లో తెరమీద గీత రోజురోజుకీ పైకి లేచింది. మొక్క గాలి బాగా పీల్చుకుంటోందని మేమంతా సంబరపడ్డాం, పెద్దసారు స్వీట్లు పంచారు. మిషన్ పచ్చలైటు ఆర్పనే లేదు. పీల్చుకుంటున్నది మొక్క కాదని, లోపలికి దూరిన సూక్ష్మక్రిములని తెలిసేసరికి హాలంతా పుల్లటి వాసన. చక్కెరనీళ్ల గొట్టంలో ఎక్కడో కవాటం సరిగా మూసుకోలేదట. దాచిపెట్టిన సీసాలకీ అదే గొట్టం నీళ్లు వాడారు, అవీ పోయాయి. ట్యాంకులో ఆవిరి కొట్టి, ఉన్నదంతా కాలువలో వదిలేశాం. మీట నొక్కింది నేనే.

కొత్త ఆకు తెస్తే మళ్లీ మొదటినుంచి మొదలుపెడతామని పెద్దసారు అన్నారు. తేకపోతే ఈ నెలాఖరుకి ట్యాంకులో వేరే మొక్క వేస్తారు. నీకు చెబితే బెంగ పెట్టుకుంటావని, అసలు మొక్క ఎలాగూ నీ దగ్గర ఉందని ఊరుకున్నాను. నిజం రాయి వదినా. కుండీలో ఏముంది?

మీ మరదలు


జూలై 9

అమ్మాయీ,

కుండీలో మట్టి ఉంది.

మార్చి నెలలో మేస్త్రీ సున్నం కలిపిన బక్కెట్లు కడిగి, ఆ నీళ్లు కుండీలో పోశాడు. మొక్కకి నీళ్లు పోస్తున్నానని పాపం మంచిపనే అనుకున్నాడు. నేను చూసేసరికి అంచులు తెల్లబడ్డాయి. మట్టి మార్చాను, నీళ్లు పోసి కడిగాను, నీడలో పెట్టాను, కొమ్మలు కోసి నాలుగు చోట్ల నాటాను. ఒక్కరోజులో పోలేదది, ఒక్కో ఆకూ రాలుస్తూ నన్ను కూర్చోబెట్టి చూపించి మరీ పోయింది. మీ అన్నయ్యకి ఇప్పటికీ తెలియదు, పక్కింటావిడ దగ్గర చూడ్డానికి అలాగే ఉండే, నొక్కు లేని వేరే మొక్క తెచ్చి ఆ చోట పెట్టాను. ఆయన రోజూ దానికే నీళ్లు పోస్తున్నారు. నీకు పంపిన ఆకు దానిదే. నొక్కు నేనే వేశాను.

నిన్ను మోసం చేయాలని కాదు. నీ ధైర్యమంతా నా దగ్గర ఉందన్నావు. అది పోయిందని ఎలా రాయను? అంత ట్యాంకు నీ దగ్గర ఉంది కదా, అసలు అక్కడ ఉందిలే అని నన్ను నేను ఓదార్చుకున్నాను. నువ్వేమో అసలు ఇక్కడ ఉందనుకుని మీట నొక్కావు. ఇద్దరం కలిసి మీ అమ్మగారి మొక్కని రెండుచోట్ల చంపాం. ఆవిడ ఉంటే, కోడల్ని తిట్టాలో కూతుర్ని తిట్టాలో తెలియక తికమకపడేది.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను, ఎలాగూ తిట్లు తినాలి కనుక. నీ సీసా కూడా పాడైపోయింది. నువ్వు చీకట్లో పెట్టమన్నావు, నేను కిటికీలో పెట్టాను. తిండి ఎండి పగుళ్లిచ్చింది. ముద్ద మొదట గోధుమరంగుకి తిరిగింది. కొన్నాళ్లకి దాని మీద పచ్చగా ఒక చుక్క లేచింది. ఇప్పుడు ఏదో మొలిచింది. బూజు మొలుస్తుందని నువ్వు ముందే రాశావు, అలాగే అయింది. నీళ్లు మరిగించి పోస్తానంటే, గాజు పగిలి చేతులు కోసుకుపోతాయని మీ అన్నయ్య ఊరుకోలేదు. పెరట్లో చెత్తడబ్బా పక్కన పెట్టాను. చెత్తబండి వచ్చినప్పుడు ఇచ్చేస్తాను.

ఇక నా దగ్గర నీది ఏదీ లేదు. నన్ను ఏమన్నా పడతాను, రాయడం మాత్రం మానకు.

మీ వదిన


జూలై 13

వదినా,

పచ్చగా అన్నావు. బూజు అంత పచ్చగా నిలబడి మొలవదు.

అన్నయ్యకి పొద్దుటినుంచి చేస్తున్నాను, ఫోను ఎక్కడ పెట్టి మరిచారో ఎత్తడం లేదు. మా సరుకు బండి మీ వైపు వస్తోంది. డ్రైవరుకి ఈ కాగితం ఇచ్చి, ఎక్కడా ఆగొద్దని చెప్పాను.

మూత తీయకు. పారేయకు. నీళ్లు పోయకు. చెత్తబండికి ఇచ్చేసి ఉంటే బండి ఎటు పోయిందో కనుక్కో. వెలుగు వల్లో, తిండి అయిపోవడం వల్లో, ట్యాంకు ముఖం చూడకపోవడం వల్లో తెలియదు. మేడంకీ తెలియదు, ఆమె నా వెనక నిలబడి చేతులు నలుపుకుంటోంది. నేను నీకు తప్పు చెప్పాను. ఏదైనా మొలిస్తే పాడైనట్టేనని రాసింది నేను. మొక్క కూడా మొలుస్తుందని నాకు తోచనే లేదు.

ఒక్కటే చూసి రాయి. మొలిచినదానికి ఆకు ఉందా? ఉంటే చివర ఎలా ఉంది?

ఆడపడుచు


జూలై 14

అమ్మాయీ,

మీ డ్రైవరు వరండాలో కూర్చున్నాడు. టీ ఇచ్చాను, అతను తాగేలోపు రాయాలి.

చెత్తబండి నిన్న వచ్చింది. డబ్బా ఎత్తి పోసుకున్నారు. సీసా పక్కనే ఉంది, అదీ ఇమ్మని చెయ్యి చాపాడు. ఇది మా అత్తగారిది, రేపిస్తాలే అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. పాడైనదాన్ని చూసి మనసు రాకపోవడం ఏమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. నీ ఉత్తరం చదివాక పెరట్లోకి ఎలా వెళ్లానో గుర్తులేదు. దాని పక్కన నేలమీద చతికిలబడ్డాను. మీ అన్నయ్య వచ్చి ఏమైందంటే అన్నీ చెప్పేశాను, కుండీ సంగతి కూడా. ఆయన లోపలికి వెళ్లి కొత్త కళ్లద్దాలు తెచ్చి ఇచ్చారు.

సీసాని డ్రైవరు చేతికి ఇవ్వను. గతుకుల్లో ఎగిరిపడుతుంది. రేపు పొద్దున బస్సులో నేనే ఒళ్లో పెట్టుకుని వస్తున్నాను. మూత తీయలేదు, తీయను. మీ మేడంని చేతులు కడుక్కుని ఉండమను.

నువ్వడిగింది చూశాను. రెండు ఆకులున్నాయి, బియ్యపుగింజ అంతేసి. రెండింటికీ చివర కొరికినట్టు నొక్కు ఉంది. నీ మీద ఒట్టు, ఆ సీసాలోకి నా కత్తెర వెళ్లలేదు.

మీ వదిన